డ్రైను అడగండమ్మా, గోడ సంగతి తర్వాత

ప్రశ్న: అయ్యా, మాది సముద్రానికి దగ్గర్లో ఉన్న చిన్న మునిసిపాలిటీ. మా అత్తగారికి ముప్ఫై ఏళ్ల కిందట కాలనీలో పట్టా ఇచ్చారు. ఆ స్థలంలో గవర్నమెంటు సాయంతో కట్టుకున్న డాబా ఇంట్లో ఉంటున్నాం. ఒక గది, వంటిల్లు, ముందు వసారా. మా ఆయన చేపల చెరువుల మీద పనికి వెళతారు, నేను లేసు అల్లుతాను. శ్లాబు పెచ్చులూడి ఇనుము కనిపిస్తోంది. మొంథా తుపాను రాత్రి గదిలో మూడు చోట్ల గిన్నెలు పెట్టుకుని కూర్చున్నాం. గోడలకి మోకాలెత్తు దాకా చెమ్మెక్కి ఉప్పు పేలుతోంది. వీధిలో రెండుసార్లు సిమెంటు రోడ్డు వేశాక మా ఇల్లు పల్లమైపోయింది, వాన పడితే నీళ్లు వసారాలోకి వస్తున్నాయి. మా అన్నయ్య కూతురు అమెరికాలో ఉంది. అక్కడ పేదవాళ్ల ఇల్లు పాడైతే సిటీ వాళ్లే డబ్బిచ్చి బాగు చేయిస్తారని చెప్పింది. మన దగ్గరా అలాంటి ఫండు ఉందని, అయిదు వేలిస్తే పేరు రాయిస్తానని ఒకాయన మా కాలనీలో తిరుగుతున్నాడు. ఇంకొకరేమో ఇల్లు పడగొట్టేయండి, కొత్తింటికి రెండున్నర లక్షలొస్తాయంటున్నారు. ఉన్న ఒక్క గదిలో శ్లాబు కొక్కేనికే మా పాపాయి ఉయ్యాల కట్టుకున్నాం. ఏం చేయమంటారు? పేరు, ఊరు వేయవద్దు.

జవాబు: అమ్మా, డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ ఉయ్యాల విప్పేయండి. ఈ ఉత్తరం చదివిన రోజే విప్పేయండి. కొక్కెం శ్లాబులోని ఇనుముకే కట్టి ఉంటుంది. ఆ ఇనుమే తుప్పు పట్టింది. ఊపు ఊపుకీ అక్కడి కాంక్రీటు కదులుతూ ఉంటుంది. పాపాయిని కింద బొంత మీద పడుకోబెట్టండి, అదీ పెచ్చులూడని వైపు. మా మేనత్తగారింట్లో ఇలాగే ఒక మధ్యాహ్నం అరచేతిమందం పెచ్చు ఊడి అన్నం తింటున్న కంచంలో పడింది. కంచం సొట్టపోయింది, అంతటితో సరిపోయింది. ఒక్క జానెడు ఇటుగా పడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆవిడ తలుచుకుంటారు.

ఇక అయిదు వేల ఆసామి. నేను మునిసిపల్ ఇంజినీరింగులో పనిచేసి రిటైరైన వాణ్ని. ఏటా బడ్జెట్ తయారయ్యేటప్పుడు పద్దులన్నీ నా కళ్లముందే తిరిగేవి. రోడ్లు, డ్రైన్లు, దీపాలు, నీళ్లు, చెత్త, జీతాలు. ‘పేదల సొంత ఇళ్ల మరమ్మతు’ అనే పద్దు నేను పనిచేసిన ఏ మునిసిపాలిటీలోనూ చూడలేదు. గోడ మీ సొంతం కాబట్టి దాని మీద మునిసిపాలిటీ రూపాయి ఖర్చు పెడితే ఆడిట్ పేరా, అంటే లెక్కల తనిఖీలో అభ్యంతరం, పడుతుంది. లేని పద్దులో మీ పేరు ఎక్కడ రాయిస్తాడాయన? ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఆధార్, పట్టా జిరాక్సులు ఇప్పటికే ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. ఏ పథకానికైనా దరఖాస్తు వార్డు సచివాలయంలో పెట్టుకోవడమే, మధ్యలో మనిషి అక్కర్లేదు.

మీ మేనకోడలు చెప్పింది మాత్రం అబద్ధం కాదు. అమెరికాలో 1974లో చేసిన చట్టం కింద కేంద్ర ప్రభుత్వం నగరాలకు ఏటా అభివృద్ధి గ్రాంటు ఇస్తుంది. అందులోంచి చాలా నగరాలు తక్కువ ఆదాయం ఉన్న సొంతింటి వాళ్లకు పైకప్పు, కరెంటు వైరింగు, నీళ్ల పైపులు బాగు చేయిస్తాయి. ఫిలడెల్ఫియా నగరంలో అచ్చంగా దీనికే ఒక కార్యక్రమం ఉంది, ఇంటివాళ్లు పైసా పెట్టుకోనక్కర్లేదు. కొన్ని నగరాలు దీన్ని అప్పులా రాసుకుంటాయి. ఇన్నేళ్లు ఆ ఇంట్లోనే ఉంటే మాఫీ, మధ్యలో అమ్మేస్తే తిరిగి కట్టాలి. అంత దూరం ఎందుకు, కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టిన దగ్గర్నుంచి పంచాయతీలు, మునిసిపాలిటీలు తమ ప్రణాళిక నిధుల్లోంచి పేదల ఇళ్ల మరమ్మతుకి సాయం ఇస్తూనే ఉన్నాయి. చేయకూడని పని కాదన్నమాట. మనవాళ్లు ఆ పద్దు తెరవలేదు, అంతే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో చాలా నగరాలకు ఇంటిపన్నే పెద్ద ఆదాయం. మన ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో సొంతంగా ఉంటే ఏడాదికి యాభై రూపాయల పన్ను. అది పేదవాళ్లకు మంచిదే, నేను కాదనను. మునిసిపాలిటీ ఖజానా మాత్రం అంతలోనే ఉంటుంది.

మనకి సర్కారు డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఇల్లు లేనివాళ్లకి, రెండోది ఇల్లు కూలినవాళ్లకి. ఉన్న ఇల్లు మెల్లగా పాడైపోతున్న మీలాంటివాళ్లు ఈ రెంటి మధ్యా ఇరుక్కుంటారు.

మొదటి దారి చూద్దాం. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబరులో మొదలైంది. ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉండి, సొంత స్థలంలో కొత్తిల్లు కట్టుకునేవాళ్లకి కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష కలిపి రెండున్నర లక్షలు. మీకెవరో చెప్పింది ఈ లెక్కే. దాని షరతు ఏమిటంటే దేశంలో ఎక్కడా ఆ కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు. కారినా, పెచ్చులూడినా శ్లాబు ఉంటే అది పక్కా ఇల్లే. పోనీ ఇల్లు అత్తగారిది కదా, మీ దంపతులకు ఇల్లు లేదు కదా అంటారేమో. నిజమే, ఆ పథకం లెక్కలో కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. కానీ స్థలం కూడా అత్తగారి పేరునే ఉంది. ఆవిడ మీకు రాసివ్వాలి, మీరు ఇల్లు పడగొట్టాలి, తర్వాత మంజూరు కోసం ఎదురుచూడాలి. డబ్బు ఒకేసారి చేతికి రాదు, పునాది, గోడలు, శ్లాబు అంటూ దశలవారీగా ఫొటోలు తీసుకెళ్లాక పడుతుంది. ఈలోగా అద్దె కట్టుకుంటూ ఎక్కడ ఉంటారు?

లెక్క కూడా వేసి చూడండి. ఆ పథకంలో ఇల్లు కనీసం 30 చదరపు మీటర్లుండాలి, అంటే 323 చదరపు అడుగులు. అడుగుకి 1,500 రూపాయలే అనుకున్నా నాలుగు లక్షల ఎనభై నాలుగు వేలు దాటుతుంది. మీ మేస్త్రి 1,500కి ఒప్పుకోడు, అది వేరే మాట. మిగతా రెండు లక్షల ముప్ఫై వేలకి పైగా అప్పు చేయాల్సిందే. మా వైపు గోడల దగ్గర ఆగిపోయి, లోపల జమ్ముగడ్డి మొలిచిన ఇళ్లు ఎన్నో చూశాను. పడగొట్టమని చెప్పేవాళ్లకి చెప్పడానికి ఖర్చేముంది?

పడగొట్టొద్దు. దానికి బదులు ఇంకో దరఖాస్తు పెట్టండి. రాష్ట్ర ప్రభుత్వం ఇల్లు లేని పేదలకు పట్టణాల్లో 2 సెంట్లు, పల్లెల్లో 3 సెంట్ల స్థలం ఇస్తామని 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. మీ దంపతులకు ఇల్లు, స్థలం రెండూ లేవు కాబట్టి వార్డు సచివాలయంలో అడిగి చూడండి. రేషన్ కార్డులో అత్తగారితో కలిసి ఉన్నారా, విడిగా ఉన్నారా అన్నది అక్కడ తేల్చుకోండి. ఎప్పుడొస్తుందో తెలియని స్థలం కోసం ఉన్న ఇంటిని గాలికి వదిలేయకండి. దరఖాస్తు దారి దరఖాస్తుది, మరమ్మతు దారి మరమ్మతుది.

రెండో దారి తుపాను సాయం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. విపత్తు సహాయ నిధికి 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి మన మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, గుడిసె పోతే 8,000, పక్కా ఇంట్లో కొంత భాగం దెబ్బతింటే 6,500, కచ్చా ఇంటికైతే 4,000. ఈ చివరి రెండింటికీ దెబ్బ కనీసం పదిహేను శాతం ఉండాలి, పైగా అది ఆ తుపాను వల్లే జరిగిందని నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు నమ్మాలి. పదేళ్లుగా కారుతున్న శ్లాబుని చూసి ‘ఇది పాతదేనండి’ అంటారు. తప్పనలేం. అందుకని ఒక పని చేయండి. ఇప్పుడే ఇంటి నాలుగు గోడలూ, శ్లాబు కిందా పైనా ఫోన్లో ఫొటోలు తీసి మీ మేనకోడలికి వాట్సాప్‌లో పంపండి. తేదీతో సహా ఆ అమ్మాయి దగ్గర ఉంటాయి. రేపు ఇంకో తుపానుకి పిట్టగోడ పడినా, శ్లాబు ముక్క జారినా ముందెలా ఉంది, తర్వాతెలా ఉంది అని పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది శ్లాబు కాదు, ‘రెండుసార్లు సిమెంటు రోడ్డు వేశాక ఇల్లు పల్లమైపోయింది’ అన్న మాట. ఇందులో నా పాపమూ ఉంది. ఉద్యోగంలో ఉండగా పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు పరిచే ఎస్టిమేట్ల మీద నేనూ సంతకాలు పెట్టాను. తవ్వితే ఖర్చు, తవ్విన మట్టి ఎక్కడ పోయాలన్నది ఇంకో తలనొప్పి, పైగా రోడ్డు ఎత్తుగా వస్తే వీధిలో వాళ్లకీ సంబరమే. ఒక్కో పొరకి అయిదారు అంగుళాలు లేచింది. డబ్బున్నవాళ్లు బుసక తోలించి, ఇల్లు పడగొట్టి మెరక చేసి మళ్లీ కట్టుకున్నారు. లేనివాళ్లు గడప ముందు రెండు వరసల ఇటుకలు కట్టి నీళ్లకి అడ్డం పెట్టుకున్నారు. ఆ ఇటుకల్ని చూస్తూనే నేను కొలతల పుస్తకంలో కొలతలు రాసుకుని వెళ్లిపోయేవాణ్ని.

గోదావరి డెల్టా నేల ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. నాలుగడుగులు తవ్వితే నీళ్లు, మీరున్నచోట ఆ నీళ్లు ఉప్పన. ఇంటి చుట్టూ వాన నీళ్లు నిలబడితే గోడ వాటిని దీపపు వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తుంది. నీరు గాలికి ఆరిపోతుంది, ఉప్పు మాత్రం గోడలోనే గట్టిపడి పూతని బయటికి నెడుతుంది. మోకాలెత్తున పొడి రాలడమంటే ఇదే. దాని మీద సిమెంటు పూత ఎంత మందంగా వేయిస్తే చెమ్మ అంత పైకి పాకుతుంది, ఊపిరాడే దారి మూసేశాం కదా. రెండేళ్లలో మోకాలు దగ్గరున్నది నడుం దాకా వస్తుంది. కాబట్టి గోడకి పెట్టే ప్రతి రూపాయీ ముందు నీళ్లు బయటికి పోయాకే. ఆ నీళ్లు బయటికి పంపడం మీ పని కాదు, మునిసిపాలిటీ పని. సిటీ ఫండు అని మీరు వెతుకుతున్నది ఉన్నది అక్కడే.

ఎలా అడగాలో చెబుతాను. మేస్త్రీల దగ్గర లెవెలు చూసుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. అందులో బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొస మీ గడప దగ్గర, రెండో కొస రోడ్డు మధ్యలో ఎత్తి పట్టుకుంటే రెండువైపులా నీళ్లు ఒకే మట్టానికి వస్తాయి. ఆ మట్టం నుంచి గడపకి ఎన్ని అంగుళాలు, రోడ్డుకి ఎన్ని అంగుళాలు, డ్రైను అడుగుభాగానికి ఎన్ని అంగుళాలు, మూడూ టేపుతో కొలిచి కాగితం మీద రాయండి. మీ వీధిలో కనీసం పది, పదిహేను ఇళ్లకి ఇలాగే కొలవండి. ‘నీళ్లు వస్తున్నాయండి, దయచేసి చూడండి’ అని రాస్తే ఆ అర్జీ మీద ‘పరిశీలించబడును’ అని రాసి మూసేస్తారు. ‘మా గడప రోడ్డు కంటే ఏడంగుళాలు పల్లం, డ్రైను అడుగు మా వీధి మొదట్లో కంటే చివర్లో మూడంగుళాలు ఎత్తుగా ఉంది’ అని రాస్తే ఇంజినీరు వచ్చి తన లెవెలు పెట్టి చూసుకోవాల్సిందే. డ్రైను ఎదురువాలుగా ఉందని తేలిందంటే అది కాంట్రాక్టరుకీ, బిల్లు పాస్ చేసినవాళ్లకీ ఇబ్బంది. నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఆ డ్రైను ఎక్కడ కలుస్తుందో కూడా ఒకసారి దాని వెంట నడిచి చూడండి. మన ఊళ్లలో వీధి డ్రైన్లన్నీ చివరికి ఊరి బయట మురుగు కాలువలో పడతాయి. అది గుర్రపుడెక్కతో పూడిపోయినా, తూము దగ్గర ఎవరో చెరువుగట్టు వేసి ఇరుకు చేసినా, సముద్రం పోటు మీద ఉన్నా నీళ్లు వెనక్కి తంతాయి. అప్పుడు మీ వీధిలో ఎంత మంచి డ్రైను కట్టినా ఫలితం ఉండదు. అడ్డం ఎక్కడుందో అర్జీలో రాస్తే సగం పని మీరు చేసినట్టే. అది ఇరిగేషన్ వాళ్లది, మాది కాదు అని మునిసిపాలిటీ అనడం ఖాయం. అందుకే ఒక కాపీ కమిషనరుకి, ఇంకొకటి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. నంబరు వేసిన రసీదు తీసుకోకుండా అక్కడి నుంచి కదలొద్దు.

డబ్బు లేదు అంటారు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పట్టణాలకిచ్చిన గ్రాంటులో పెద్ద నగరాలు కాని ఊళ్లకి అరవై శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించారు, నలభై శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో మునిసిపాలిటీలకు అప్పగించిన పద్దెనిమిది పనుల్లో మురికివాడల బాగు కూడా ఒకటి. వచ్చే ఏడాది పనుల జాబితా రాసేటప్పుడు మీ వీధి అందులో ఎక్కాలి. నలుగురు ఆడవాళ్లు కలిసి రెండుసార్లు వెళ్లి కూర్చుంటే ఎక్కుతుంది. మగవాళ్లు వెళితే టీ తాగించి పంపేస్తారు, ఎందుకో తెలీదు గాని నేను చూసింది అదే.

శ్లాబు మాత్రం ఆగదు, దానికి అప్పు తప్పదు. మీరు పొదుపు సంఘంలో ఉంటే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ద్వారా వచ్చే బ్యాంకు లింకేజీ అప్పే మేలు. సంఘానికి పది లక్షల దాకా బ్యాంకు ఏ తాకట్టూ అడగకూడదు. పట్టా అత్తగారి పేరున ఉన్నా మీకు అడ్డు రాదు. వారం వారం వసూలుకొచ్చే ఫైనాన్సు కంపెనీల దగ్గరికి వెళ్లకండి, లేసు మీద వచ్చే డబ్బు ఆ వాయిదాలకి తట్టుకోదు.

మేస్త్రిని పిలిచాక అతను చేసే పని పక్కన నిలబడి చూడండి. ముందు శ్లాబు కింద సరుగుడు బాదులు ఆనించాలి, ఆ తర్వాతే సుత్తి పట్టాలి. సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ పోతే గట్టి చోట ఠంగుమంటుంది, పొల్లైన చోట డబడబమంటుంది. డబడబమన్నదంతా రాల్చేయాలి, కళ్లకి బాగానే కనిపిస్తున్నా సరే. ఇనుము చుట్టూ, వెనకవైపు కూడా కాంక్రీటు తీసి, వైరు బ్రష్షుతో తుప్పంతా తళతళలాడేలా గీకాలి. ఊచ బాగా సన్నబడిపోయి ఉంటే పక్కన కొత్త ఊచ కట్టాలి. తుప్పు ఆపే మందు పూసి, పాత కాంక్రీటుకి పట్టుకునే కెమికల్ రాసి, అది కలిపిన మాలుని పొరలు పొరలుగా నొక్కాలి. తుప్పు మీదే సిమెంటు పామేసి పదివేలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లుంటారు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతూనే ఉంటుంది కాబట్టి ఆ పూత రెండు వానాకాలాలు ఆగదు. మా మేనత్తగారి కంచంలో పడింది అలా పామిన పూతే. శ్లాబు పైన నీళ్లు నిలవకుండా వాటం చూసి, పిట్టగోడ తూముల్లో ఇరుక్కున్న కొబ్బరి చెత్త ముందు తీయించండి. సగం కారుడు దాంతోనే ఆగిపోయిన ఇళ్లున్నాయి. ఊచలు మరీ తినేసి, బాదులు ఆనించినా శ్లాబు కుంగుతోందనిపిస్తే పని ఆపి వేరే ఇంజినీరుకి చూపించండి. అప్పుడు గది శ్లాబు తీసేసి రేకులు వేసుకోవడమే మంచిదంటాడేమో, ఆ మాట కూడా వినండి.

ఇసుక గోదావరిదే తెమ్మనండి, సముద్రం ఒడ్డు ఇసుక ఎంత చవకైనా వద్దు. మాలు కలపడానికి, తడపడానికి మీ బోరు నీళ్లు వాడనివ్వకండి, ఆ ఉప్పే ఇనుముని తినేది. పంట కాలువ నీళ్లో, మునిసిపల్ కుళాయి నీళ్లో వాడాలి. అంటే వేసవిలో కాలువలు కట్టేయకముందే పని ముగించాలి. ఈశాన్య వానలు తగ్గాక సంక్రాంతి నుంచి మార్చి లోపు అయితే నీళ్లూ దొరుకుతాయి, ఎండా సరిపోతుంది.

గోడల పూత మాత్రం ఈ ఏడాది ముట్టుకోకండి. ఊడిన చోట గీకేసి అలాగే వదిలేయండి, చూడ్డానికి బాగోదు గాని గోడ ఆరుతుంది. డ్రైను సంగతి తేలాక ఒక వానాకాలం గడిచి చూద్దాం. మేస్త్రి గొట్టం తెచ్చి కొలిచిన రోజు ఆ అంగుళాలు రాసి నాకు పంపండి, అర్జీ నేనే రాసి పెడతాను.